బండ సార్ కుడి చెయ్యి

మా చెనక్కాయ చేలల్లో సోలార్ ప్లేట్లు లేచిన కొత్తల్లో, ఇరవై రెండేళ్ళ నా కంటికి ఈ భూమ్మీద రెండే రకాల మనుషులు కనబడేవాళ్ళు. బూట్లు వేసుకుని జీపు దిగేవాళ్ళు ఒక రకం, ఆ జీపు లేపిన దుమ్ము మొహం మీంచి తుడుచుకునేవాళ్ళు రెండో రకం. నేను రెండో రకంలో పుట్టాను కాబట్టి మొదటి రకం మనిషి ఎవరు ఎదురైనా నోరు తెరుచుకుని చూసేవాడిని. గొప్పతనం అనేది కంటికి కనబడే వస్తువనీ, అరమైలు దూరం నుంచే గుర్తుపట్టొచ్చనీ అప్పట్లో నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకం వల్ల చాలాసార్లు మోసపోయాను. ఒక్కసారి మాత్రం, మోసపోయానని తెలిసిన రోజే, పూర్తిగా మోసపోలేదని కూడా తెలిసింది. చెప్పబోయేది ఆ ఒక్కసారి గురించే.)

డిప్లొమా చేతికొచ్చాక కన్నడ రాష్ట్రంలో ఉన్నా తెలుగే మాట్లాడే మా క్యాతగానచెర్లు పక్కనే సోలార్ పార్కులో ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ విభాగం ట్రైనీగా చేరాను. ఆరు నెలలు చూసి, సేఫ్టీ ఆఫీసరు మంచిగా రిపోర్టు రాస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్ళీ గొర్రెల వెనక నడక. ఆ సేఫ్టీ ఆఫీసరు బెంగళూరాయన. యాభైకి దగ్గర పడిన మనిషి. జుట్టు భుజాలు దాటి వీపు మీద పడేది. దానికి నల్లరంగు వేసేవాడు. రంగు వేసి పది రోజులు దాటితే పాపిట్లో తార్రోడ్డు మధ్య గీసినట్టు తెల్లటి గీత పడేది. వేళ్ళకు పుర్రె బొమ్మల ఉంగరాలు, కంటికి నల్లద్దాలు, మండే ఎండలో తోలు జాకెట్టు. అందరి చేతా హెల్మెట్ పెట్టించడం ఆయన పని. ఆయన జుట్టుకు సరిపోయే హెల్మెట్ మాత్రం మా స్టోరులో లేదు. జుట్టంతా మడిచి లోపలికి తోస్తే, హెల్మెట్ కుండ మీద సరిగా కూర్చోని మూకుడులా ఊగుతూ ఉండేది.

మొదటి రోజు పొద్దున ఎనిమిది గంటలకు, ప్లేట్లు కడిగే ఆడవాళ్ళు నలభై మంది కర్రలు, బకెట్లు పట్టుకుని వరసగా నిలబడితే, ఆయన మైకు అందుకుని, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి, తల వెనక్కి విసిరి, "హలోఓఓ, క్యాతగానచెర్లూఊ" అన్నాడు. వెనక వరసలోంచి ఒకావిడ, "ఈడే ఉండాం సార్, చెప్పండి" అంది. తరవాత తెలిసింది, ఆయన కుర్రతనంలో బెంగళూరులో ఒక బృందంలో గిటారు వాయించాడట, పెద్ద పెద్ద మైదానాల్లో అలాగే పలకరించేవాడట. తను క్లాసిక్ రాక్ గిటారిస్టునని, ఉద్యోగం పొట్టకోసమేనని ఆ రోజే మా అందరికీ చెప్పాడు. రాక్ అంటే ఏందని ఆడవాళ్ళు నన్ను అడిగారు. అక్కడ ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఏమాత్రం తడుముకోకుండా, "రాక్ అంటే బండ" అని చెప్పాను. ఆ పూట నుంచి పార్కంతటా ఆయన పేరు బండ సార్.

నేను ఆయనకు శిష్యుణ్ణయిపోయాను. సాయంత్రం డ్యూటీ దిగాక ఆయన గది ముందు అరుగు మీద గిటారు పాఠం. మొదటి వారం ఎలా నిలబడాలో నేర్పించాడు. రెండో వారం మొహం ఎలా పెట్టాలో నేర్పించాడు. "తీగ పైకి లాగేటప్పుడు ఇక్కడ నొప్పి రావాలి మ్యాన్" అని గుండె చూపించేవాడు. (నాకు మెడలో వచ్చేది.) రెండు నెలలు గడిచేసరికి ఒక్క పాటా రాలేదు గానీ, వంగడం, ఊగడం, కళ్ళు మూసి పెదవి కొరకడం, మోకాళ్ళ మీద కూలబడడం మాత్రం దాదాపు సార్ అంత బాగా వచ్చేశాయి. జుట్టు పెంచాను. పుర్రె బొమ్మ ఉన్న నల్ల బనీను హిందూపురం పోయి కొన్నాను. దాన్ని ఉతికిన ప్రతిసారీ మా అమ్మ తిరగేసి ఆరేసేది. "బతికినోళ్ళు తిరిగే ఇంట్లో ఆ బుర్ర బొమ్మ ఏందిరా, నలుగురు చూస్తే ఏమనుకుంటారు" అనేది.

మా స్టోరులో పనిచేసే ఒక అక్క ఉండేది. వై.ఎన్.హొసకోట ఆమె ఊరు. పెళ్ళయి, బడికి పోయే కూతురుంది. భజనల్లో పెరిగిన గొంతు. బోల్టులు లెక్కపెడుతూ కూనిరాగం తీస్తే బోల్టులు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు వచ్చిన పని మరిచిపోయి నిలబడేవాళ్ళు. ఆ ఏడు నవంబరులో హొసకోట బడి మైదానంలో కన్నడ రాష్ట్రం పుట్టినరోజు పండగ, రాజ్యోత్సవ కార్యక్రమం చేద్దామని కంపెనీవాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి అనుకున్నప్పుడు, పాటలూ ఆటలూ చూసుకునే బాధ్యత ఈ అక్క మీద పెట్టారు. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే బండ సార్ నన్ను పిలిచి, గిటారు తుడుస్తూ, నా వైపు చూడకుండా, "నేను స్టేజీ ఎక్కి పద్నాలుగేళ్ళయింది మ్యాన్" అన్నాడు.  ఆ గొంతులో పెద్ద పెద్ద మైదానాలేమీ లేవు. మొదటిసారి ఆయన వయసు ఆయన గొంతులో వినబడింది. స్టేజీ ఎక్కిస్తానని నేను మాట ఇచ్చేశాను.

మరుసటి రోజు స్టోరుకు పోయి అడిగితే అక్క చేతిలో పని ఆపకుండానే వద్దంది.

"ఆయప్ప వాయించేది తక్కువ, ఊగేది ఎక్కువ. స్టేజీ మీదికి ఒగసారి ఎక్కితే దింపేది నువ్వా, నేనా?"

"అక్కా, సార్ మాదిరి వాయించేవాళ్ళు దేశంలోనే పదిమంది ఉండరు."

"ఆ మిగతా తొమ్మిది మందిని నువ్వు యాడ ఇన్నావు?" అంది. తరవాత బోల్టుల డబ్బా మూసి, కాస్త మెత్తగా, "ఒగటి అడుగుతా చెప్పప్పా. సార్ వాయించేటప్పుడు ఎప్పుడన్నా కండ్లు మూసుకోని ఇన్నావా?" అంది.

"కండ్లు మూసుకుంటే సార్ కనపడడు గదక్కా" అన్నాను.

అక్క నవ్వింది. నేను అన్న మాట ఆమె పక్షానే పడిందని నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అర్థమైన రోజున రోషం వచ్చి మళ్ళీ పోయి, కళ్ళతో పని లేకుండా వినే మనిషి ఒకాయన ఉన్నాడనీ, ఆయన బాగుందంటే సార్‌ని స్టేజీ ఎక్కించాలనీ పందెం వేశాను. అక్క ఒప్పుకుంది.

ఆ మనిషి మా మేనమామ. నిడుగల్లు కొండ కింద చెనక్కాయ సేద్యం, నాలుగు మేకలు, ఒక ఉరుము. ఉరుము అంటే రెండు మొహాల వాయిద్యం. ఒక మొహాన్ని వంకీ పుల్లతో రుద్దితే ఊఁ అని మూలుగుతుంది. రెండో మొహాన్ని పుల్లతో కొడితే అడుగులు పడతాయి. దేవర ఊరేగింపులో మా మామ ఉరుము పట్టుకుంటే, ముందు నడిచే వందమంది కాళ్ళు ఒకే మనిషి కాళ్ళయ్యేవి. సరిగ్గా ఆ వారమే ఉచిత కంటి శిబిరంలో కుడి కంటికి ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి ఇంటికి పంపారు. ఎడమ కన్ను అంతకు ముందే మసక. నిష్పక్షపాతంగా తీర్పు చెప్పడానికి ఇంతకంటే తగిన మనిషిని ఏ కోర్టూ ఇవ్వలేదు.

సార్‌కు పరీక్ష అని చెప్పలేదు. "మా మామ పెద్ద వాద్యగాడు సార్, మీ వాయింపు ఇనాలని ఆశపడుతున్నాడు" అని కన్నడంలో చెప్పాను. (సగం నిజం. ఆశపడింది నేను.) ఆదివారం మధ్యాహ్నం జీపులో సార్, అక్క, నేను, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు పెట్టె నిడుగల్లు చేరాం. పంచలో మంచం మీద నల్లద్దాలతో మామ కూర్చునున్నాడు. ఎదురుగా నల్లద్దాలతో సార్ నిలబడ్డాడు. మా అత్త నీళ్ళ చెంబు తెచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా చెవిలో, "పాపం, ఈ సారుకు గూడా ఆపరేషన్ అయినాదా? చుక్కల మందు పూటకు ఎన్నిసార్లంట?" అంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని మేకల వైపు తిరిగింది.

సార్ వాకిట్లో నిలబడి మొదలుపెట్టాడు. ఆహా, ఏం నిలబడడం అది. వీపు విల్లులా వంగింది, జుట్టు మొహం మీద పడింది, పెదవి కింద పళ్ళు కనబడ్డాయి. తీగ పైకి లాగి లాగి, ఇంక తెగుతుందేమో అన్నచోట వణికించాడు. కట్టేసిన మేకపిల్లలు గుంజ చుట్టూ తిరిగి తాడు పొట్టిచేసుకున్నాయి. స్వరాల పెద్ద పరుగు ఒకటి అయ్యాక తరవాతి పరుగుకు ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఊరికే తాళంగా మీటేవాడు, మళ్ళీ తీగ లాగేవాడు. నేను సార్‌నే చూస్తూ తేలిపోతున్నాను. అక్క మాత్రం మామ కాలి బొటనవేలు చూస్తోంది. సార్ ఊరికే మీటినప్పుడు ఆ వేలు ఆడిందట, తీగ లాగినప్పుడు ఆగిందట. ఇది నాకు తరవాత చెప్పింది.

ఆఖరి తీగ మోత చల్లారాక మామ గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడా, ఈడ ఇద్దురు గదా వాయిస్తాండేది?"

మా జవాబు కోసం ఆగకుండా మామే అందుకున్నాడు.

"ఒగాయప్ప శానా గట్టోడు. పద్దతిగా నడిపిస్తాండాడు. రెండో ఆయప్ప ఉండాడే, ఊరికూరికే మధ్యలో దూరి మూలుగుతాండాడు. ఆ మొదుటాయన్ని ఈడ నా పక్కన కూచోబెట్టు. రెండో ఆయనకు ఇంత సంగటి పెట్టి పంపేయండి."

 సార్ నా వైపు తిరిగి, ఏమంటున్నాడు అన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఆయన మాతో కన్నడమో ఇంగ్లీషో తప్ప మాట్లాడి ఎరగడు. నేను ధైర్యం కూడదీసుకుని, "మీరొక్కరే ఇద్దరు వాయించినట్టు వాయించారంటున్నాడు సార్" అని కన్నడంలో చెప్పాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదని ఈరోజుకీ ప్రమాణం చేయగలను.

సార్ నన్ను కాసేపు చూశాడు. తరవాత మామ మంచం దగ్గరికి పోయి, నేల మీద గొంతుక్కూర్చుని, అచ్చం మా ఊరి తెలుగులో, "రెండో ఆయప్ప యాల నచ్చల్యా పెద్దాయనా?" అన్నాడు.

ఆయన తల్లిది గౌరిబిదనూరు పక్క పల్లె అని ఆ రోజే తెలిసింది. ఆ తెలుగు తోలు జాకెట్టు మీదికి నప్పదని ఇన్నాళ్ళూ లోపల దాచిపెట్టుకున్నాడు.

మామ తను మాట్లాడుతున్నది ఇద్దరిలో ఎవరితోనో కూడా పట్టించుకోలేదు. పక్కనున్న ఉరుము తడిమి ఒళ్ళోకి తీసుకున్నాడు. "దీనికి రెండు మొగాలుండాయి. ఇది మూలిగేది, ఇది నడిచేది. నడక ఎప్పుడూ ఉండల్ల. మూలుగుడు మాత్రం నొప్పి ఉన్నప్పుడే రావల్ల. ఆయప్పకు నొప్పేమీ ఉండేట్టు లేదు. దొంగ మూలుగుడు" అన్నాడు.

సార్ నల్లద్దాలు తీసి జాకెట్టుతో తుడుచుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి వచ్చిన మా అత్త, "మందు పొద్దాయె గదా సార్, చుక్కలు ఏసేదా?" అంది. సార్ వద్దని తలూపి, బుద్ధిమంతుడిలా సంగటి ముందు కూర్చున్నాడు. నాటుకోడి పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.  తిరుగుదారిలో జీపు పెద్ద రోడ్డెక్కాక, మళ్ళీ ఇంగ్లీషులో, "మీ మామకు రాక్ తెలీదు మ్యాన్" అన్నాడు. తెలీదు సార్, వట్టి పల్లెటూరాయన సార్ అని నేను గట్టిగా వంతపాడాను. వెనక సీట్లో అక్క కిటికీలోంచి నిడుగల్లు కొండ మీది కోటను చూస్తూ కూర్చుంది.

పందెం ఎవరు గెలిచినట్టో తేలలేదు. మామ సగం మనిషిని మెచ్చుకున్నాడు, సగం మనిషిని పంపేయమన్నాడు. దాన్ని అక్కే తేల్చింది. సోమవారం నేరుగా సార్ దగ్గరికే పోయి, "సార్, ప్లేట్లు కడిగే ఆడోళ్ళు పదారు మంది కోలాటం ఆడతామంటాండారు. పాట నేను పాడతా. తాళానికి ఆ మొదుటాయన కావల్ల" అంది. సార్ ఉంగరాలు తిప్పుకుంటూ, "రెండో ఆయన వస్తేనే మొదుటాయన వస్తాడు" అన్నాడు. బేరం జరిగింది. కోలాటానికి ముందు, ఆర్కెస్ట్రా వాళ్ళతో కలిసి, సార్‌కు ఐదు నిమిషాల సోలో అని ఆయన. మూడు అని అక్క. మూడుకే కుదిరింది.

రెండు వారాలు సాయంత్రం ఐదింటికి కోలాటం సాధన జరిగింది. నేను దానికి పోయేవాణ్ణి కాదు. అందులో చూడడానికేముంది, సార్ కుర్చీ మీద కూర్చుని ఊరికే మీటేవాడు. మొహంలో ఏ కదలికా ఉండేది కాదు. నా దృష్టిలో అది సార్ స్థాయికి తగిన పని కాదు. నేను అరుగు మీద ఒంటరిగా మోకాళ్ళ మీద కూలబడడం సాధన చేసుకునేవాణ్ణి.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం మూడింటికే బడి మైదానం నిండిపోయింది. పసుపూ ఎరుపూ జెండాలు, బెలూన్ల బండ్లు, ముందు వరసలో నల్లద్దాలతో మా మామ. నన్ను స్టేజీ మీద, గిటారు స్పీకరు పెట్టె పక్కన కూర్చోబెట్టారు. నా పని ఒక్కటే, ఎవరూ వైర్లు తట్టుకోకుండా చూడడం. (తట్టుకుని పడే ప్రమాదాల మీద ఆ పొద్దునే మా విభాగం ఉపన్యాసం ఇచ్చింది. ఇచ్చింది నేనే.)

సార్ స్టేజీ ఎక్కి "హలోఓఓ, హొసకోటా" అనగానే మైదానం హోరెత్తింది. ఆర్కెస్ట్రా వాళ్ళ కీబోర్డు, డ్రమ్ ప్యాడ్లు దడదడ మోగాయి. సోలో మొదలైంది. నేను ఆగలేకపోయాను. లేచి నిలబడి, చేతుల్లో లేని గిటారు పట్టుకుని, సార్ వంగినప్పుడల్లా వంగి, ఊగినప్పుడల్లా ఊగాను. ముందు వరసలో పిల్లలు నన్ను కూడా చూపిస్తూ కేకలేస్తుంటే నాకు ఇంకా పూనకమొచ్చింది. సరిగ్గా మోకాళ్ళ మీద కూలబడే చోట, నా కాలికి గిటారు వైరు చుట్టుకుని, పెట్టెలోంచి పిన్ను ఊడి బయటికొచ్చింది.

నా పక్కనున్న పెట్టె చచ్చిపోయింది. నా గుండె కూడా. తలెత్తి చూశాను. సార్ కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం ఆకాశానికెత్తి, తీగ లాగుతున్నాడు. చప్పుడు లేదు. కానీ కీబోర్డు, ప్యాడ్ల మోతలో ఆయనకు అది తెలియడం లేదు. ఆశ్చర్యం ఏమిటంటే జనానికీ తెలియలేదు. తీగ లాగినప్పుడల్లా ఈలలు. జుట్టు విసిరినప్పుడల్లా కేకలు. ఇప్పుడు పిన్ను గుచ్చితే ఢబ్బుమని మోగుతుంది, చేసింది నేనేనని తెలుస్తుంది, రిపోర్టు పోతుంది. నేను కదలకుండా కూర్చున్నాను. సార్ ఆఖరి తీగ, వినబడని తీగ, గాల్లోకి లేపి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మైదానమంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఆగకముందే ఆర్కెస్ట్రా వాళ్ళు టీ తాగడానికి దిగిపోయారు. పదహారు మంది ఆడవాళ్ళు కోలాటం కర్రలతో ఎక్కి గుండ్రంగా నిలబడ్డారు. అక్క మైకు ముందుకొచ్చి పల్లవి ఎత్తుకుంది. సార్ కుర్చీలో కూర్చుని చెయ్యి ఆడించాడు. ఏమీ రాలేదు. మూడో అడుగుకే కర్రలు తప్పాయి. ఐదో అడుగుకు ఒకావిడ పక్కావిడ వేలి మీద కొట్టింది. ఆమె ఆగితే వెనకావిడ గుద్దుకుంది. అక్క గొంతు కూడా, రెండు వారాలుగా ఆనుకున్న గోడ లేకపోయేసరికి, వేగం పెరిగి ఎటో పరిగెత్తింది. మూడు నిమిషాల సోలోలో సగం మాయమైతే గుర్తించని మైదానం, ఊరికే మీటే మీటు పోయేసరికి పదిక్షణాల్లో కనిపెట్టేసింది. "ఏమో తప్పినాది", "ఏందో లేదు" అని వెనక వరసల దాకా గుసగుసలు. సార్ గిటారు బిరడాలు తిప్పుతూ దిక్కులు చూస్తున్నాడు.

నేను నాలుగు కాళ్ళ మీద పాకి పిన్ను గుచ్చాను. ఢబ్బుమంది. మరుక్షణం ఆ మీటు వచ్చింది.

నేనున్న చోటు నుంచి పెట్టె అడ్డం. సార్ కనబడడం లేదు. వైరు పట్టుకుని బోర్లా పడుకున్న నాకు మొదటిసారి ఆయన వినబడ్డాడు. మందను తోలుకుపోయేవాడు ముందూ కాకుండా వెనకా కాకుండా పక్కపక్కనే నడిచినట్టు ఉంది ఆ మీటు. ఎవరినీ అదిలించదు, ఎవరినీ వదిలిపెట్టదు. అక్క గొంతు వచ్చి దాని పక్కన చేరింది. కర్రలు ఒకటొకటిగా, తరవాత నాలుగు నాలుగుగా, తరవాత పదహారు జతలూ ఒకే చప్పుడైపోయాయి. ఎక్కడో ఒకచోట, అడుగుకూ అడుగుకూ మధ్య, ఆ చెయ్యి ఒక వెంట్రుకవాసి ఆగి పడేది. ఆ ఆగడంలో ఒళ్ళు జల్లుమనేది. రెండు నెలలు ఈయన ముందు నిలబడి నేను ఏం చూశానురా అనుకున్నాను.

కార్యక్రమం అయ్యాక స్టేజీ వెనక మా మామ ఒక పిల్లాడి భుజం పట్టుకుని సార్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. చేతులు తడిమి పట్టుకుని, "నా మాట ఇన్నావప్పా. మొదుట ఆ గలాటా పాటలో సగానికొచ్చినాక మూలగడం ఇడిసిపెట్టేసినావు. ఊరికే నిలబడినావు జూడు, అది పెద్దోళ్ళ లచ్చనం. కడాకు వాయించింది బంగారం" అన్నాడు.

సార్ అయోమయంగా నవ్వి, మామను సాగనంపి, నా వైపు తిరిగాడు. "మూలగడం ఇడిసిపెట్టడం ఏందప్పా?" నన్ను అప్పా అని పిలవడం అదే మొదటిసారి.

అబద్ధాలు రెండు మూడు నాలుక చివరిదాకా వచ్చాయి. వేటికీ ధైర్యం చాలలేదు. "వైరు నేనే పీకినా సార్. డ్యాన్సు చేస్తా తట్టుకున్నా. సగం నుంచి మీ సోలో ఎవరికీ ఇనపడల్యా."

"జనం ఈలలేసినారే?"

"ఏసినారు సార్."

"నువ్వు?"

"పెట్టె పక్కనుండా గాబట్టి తెలిసినాది సార్. కింద ఉండింటే నేను గూడా ఈలేసేవాణ్ణే."

ఆయన స్పీకరు పెట్టె మీద కూర్చుండిపోయాడు. "కోలాటమప్పుడు వైరు పెట్టకపోయింటే?" అన్నాడు. "ఆగిపోయేది సార్. ఇప్పటికే ఇద్దురికి వేళ్ళు వాచినాయి" అన్నాను. ఇంక తిట్టు పడుతుందని తల వంచుకున్నాను. పడలేదు. ఆయన తన కుడి చేతిని ఎవరిదో చూసినట్టు చూసుకుంటున్నాడు.

"ఈ ఎడమ చేతికి ముప్పై ఏండ్లు చాకిరీ చేసినానప్పా. రోజుకు నాలుగు గంటలు. వేళ్ళు రక్తం కారేవి. ఈ కుడి చెయ్యి ఎట్లొచ్చిందో నాకే తెలీదు. మాయమ్మ పిండి రుబ్బుతాంటే పక్కన కూచోని చెంబు మీద కొట్టేవాణ్ణి, అంతే. ఊరికే వచ్చింది గదాని దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోల్యా." తరవాత పెద్దగా నవ్వేశాడు. నవ్వు చివర్లో నల్లద్దాలు పెట్టుకున్నాడు.

ఆయన మారిపోయాడని చెబితే కథ అందంగా ఉంటుంది గానీ, మారలేదు. జాకెట్టు అలాగే ఉంది, రంగు అలాగే వేశాడు, ప్లేట్లు కడిగేవాళ్ళకు మైదానం పలకరింపు అలాగే సాగింది. ఆదివారాలు మాత్రం ఎవరికీ చెప్పకుండా నిడుగల్లు పోయి వచ్చేవాడని మా అత్త వల్ల తెలిసింది. నా రిపోర్టులో, "కష్టపడతాడు, నిజం చెబుతాడు, వైర్ల విషయంలో ఇంకా శిక్షణ అవసరం" అని రాశాడు. ఉద్యోగం ఖాయమైంది. నాకు కుడి చెయ్యి నేర్పమని చాలాసార్లు అడిగాను. ఎక్కడ మొదలుపెట్టాలో తనకే తెలియదని ఒట్టు పెట్టుకుని చెప్పేవాడు. ఏడాదిన్నరకు వేరే రాష్ట్రంలో ఇంకో పార్కుకు బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆయనలో కాపీ కొట్టడానికి వీలైనవన్నీ నేను కాపీ కొట్టాను, జుట్టుతో సహా. వీలుకానిది ఒక్కటే ఉండింది. దాని జోలికి మాత్రం పోలేదు.

పోయిన నెల పావగడలో ఒక పెళ్ళికి పోయాను. ఆర్కెస్ట్రాలో ఒక కుర్రాడు గిటారు వాయిస్తున్నాడు. ఇప్పుడు నాకు అలవాటైపోయింది కాబట్టి, కళ్ళు మూసుకుని, వాడి కుడి చెయ్యి ఎలా ఉందో వింటున్నాను. కొంచెం తొందర ఉంది, ఫరవాలేదు, కుదురుకుంటుంది అని పెద్ద పండితుడిలా లోపల మార్కులు వేసుకుంటున్నాను. పక్క కుర్చీలో ఉన్న ముసలవ్వ మోచేత్తో పొడిచింది.

"నిద్రపోతాండావా నాయనా?"

"లేదవ్వా. ఇంటాండా."

"ఇనేకి ఏముండాది. ఆ పిలగాని ఏషం జూడు, అదే శానా బాగుండాది."

కళ్ళు తెరిచి చూశాను. వాడు వీపు వంచి, జుట్టు మొహం మీద వేసుకుని, లోకంలోని నొప్పంతా తనదే అన్నట్టు పెదవి కొరుకుతున్నాడు. అవ్వ చెప్పింది నిజమే, చాలా బాగుంది. ఇంక కళ్ళు మూయబుద్ధి కాలేదు. పాట అయిపోయేదాకా అవ్వతో పాటు అలాగే చూస్తూ కూర్చున్నాను. చివర్లో, ముప్పై దాటిన వయసునీ పలచబడిన జుట్టునీ మరిచిపోయి, ఈల కూడా వేశాను.